కొత్తగా హ్యామ్ హ్యాండీ పట్టుకున్నవాళ్లకు: బెజవాడ, గుంటూరు వైపు తరచుగా అడిగే ప్రశ్నలు

హ్యామ్, అంటే అభిరుచిగా నడుపుకునే రేడియోకి లైసెన్సు వచ్చింది, చేతిలోకి హ్యాండీ, అంటే చేత్తో పట్టుకునే వాకీటాకీ లాంటి సెట్ వచ్చింది, ఆన్ చేస్తే గరగర తప్ప ఏమీ లేదు. ఆ తర్వాత ఏం చేయాలో చెప్పేవాళ్లు దగ్గర లేకపోతే నాలుగు రోజుల్లో సెట్ అల్మారాలోకి వెళ్లిపోతుంది. అలా జరగకూడదనే ఈ పేజీ రాస్తున్నాను. ఉదాహరణలకు బావోఫెంగ్ యూవీ-5ఆర్ తీసుకున్నాను. కొత్తవాళ్ల చేతుల్లో ఎక్కువగా కనిపించేది అదే. మీది వేరే సెట్ అయితే బటన్లు, మెనూ నంబర్లు మారతాయి గానీ చేయాల్సిన పని మాత్రం ఇదే.

లైసెన్సు రాకముందే సెట్ కొనుక్కోవచ్చా? వినడానికేగా!

కొనకండి. మన దేశంలో ఇలాంటి సెట్‌తో మాట్లాడటానికే కాదు, దగ్గర పెట్టుకోవడానికీ లైసెన్సు ఉండాలి. ఆన్‌లైన్‌లో వాకీటాకీలు ఎవరికి పడితే వాళ్లకి అమ్ముతుండటంతో 2025లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఆ అమ్మకాల మీద ప్రత్యేకంగా మార్గదర్శకాలు తెచ్చింది. 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే తక్కువ పవర్ వాకీటాకీలకు లైసెన్సు అక్కర్లేదు, నిజమే. అయితే ఆ మినహాయింపు ఆ తరహా సెట్లకే. యూవీ-5ఆర్‌ను ఆ ఫ్రీక్వెన్సీకి తిప్పినంత మాత్రాన అది లైసెన్సు అక్కర్లేని సెట్ అయిపోదు.

పరీక్ష పేరు అమెచ్యూర్ స్టేషన్ ఆపరేటర్స్ సర్టిఫికెట్. అందరూ ఏఎస్‌ఓసీ అంటారు. టెలికం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం నిర్వహిస్తుంది, దరఖాస్తు సరళ్ సంచార్ పోర్టల్లో పెట్టుకోవాలి. 12 ఏళ్లు నిండినవాళ్లు ఎవరైనా రాయొచ్చు. ఇందులో రెండు గ్రేడ్లు ఉన్నాయి. రెస్ట్రిక్టెడ్‌కి మోర్స్ (చుక్కలు, గీతల సంకేత భాష) అక్కర్లేదు. జనరల్‌కి నిమిషానికి 8 పదాల వేగంతో మోర్స్ రావాలి. రెస్ట్రిక్టెడ్ వాళ్ల కాల్‌సైన్ (రేడియోలో మనిషిని గుర్తించే పేరు) వీయూ3తో, జనరల్ వాళ్లది వీయూ2తో మొదలవుతుంది. హ్యాండీ వాడుకోవడానికి రెస్ట్రిక్టెడ్ సరిపోతుంది.

లైసెన్సు వచ్చేలోపు చెవికి పని చెప్పండి. ప్రపంచంలో చాలాచోట్ల హ్యామ్‌లు తమ రిసీవర్లను ఇంటర్నెట్‌కి కలిపి పెట్టారు. వాటిని వెబ్ ఎస్‌డీఆర్ అంటారు. బ్రౌజర్‌లో తెరిచి, జనం ఎలా పిలుచుకుంటున్నారో, కాల్‌సైన్ ఎలా చెబుతున్నారో వినండి. ఇలా నెల రోజులు విన్నవాళ్లకు మొదటిసారి మాట్లాడేటప్పుడు టెన్షన్ సగం తగ్గిపోతుంది.

పెట్టె విప్పగానే మొదట ఏం చేయాలి?

యాంటెన్నా బిగించండి. యాంటెన్నా లేకుండా పీటీటీ (మాట్లాడేందుకు నొక్కి పట్టుకునే బటన్) నొక్కితే బయటికి పోవాల్సిన పవర్ సెట్‌లోకే వెనక్కి తిరుగుతుంది, లోపలి ట్రాన్సిస్టర్ పోయే ప్రమాదం ఉంది. బ్యాటరీని చార్జర్ లైటు ఎరుపు నుంచి ఆకుపచ్చకి మారేదాకా ఉంచండి. మన ఎండలు తెలుసుగా, మే నెలలో ఆపి ఉంచిన కారు డ్యాష్‌బోర్డు మీద ఈ సెట్‌ని ఎప్పుడూ వదిలేయకండి. లిథియం బ్యాటరీకి అంతకంటే పెద్ద శత్రువు లేదు.

ఇంకో మాట. పక్కనున్న కాల్ బటన్‌ని ఎక్కువసేపు నొక్కి పట్టుకోవద్దు. అలారం మోగుతుంది, మోగడమే కాదు, ఆ కూత గాల్లోకి కూడా వెళ్తుంది. పిల్లలున్న ఇంట్లో ఇది ముందే చెప్పి పెట్టుకోండి.

ఏ ఫ్రీక్వెన్సీల్లో మాట్లాడవచ్చు?

హ్యాండీకి సంబంధించినంతవరకు మన దేశంలో రెండు బ్యాండ్లు: 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ దాకా ఉన్న 2 మీటర్లు, 434 నుంచి 438 దాకా ఉన్న 70 సెంటీమీటర్లు (తరంగం పొడవుని బట్టి ఈ పేర్లు). ఈ నాలుగు అంకెలు కాగితం మీద రాసి సెట్ వెనక అంటించుకోండి, తప్పు లేదు.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, యూవీ-5ఆర్‌కి మన లైసెన్సు సంగతి తెలియదు. 136 నుంచి 174 దాకా ఎక్కడ నొక్కినా అది ట్రాన్స్‌మిట్ చేసేస్తుంది. రైల్వే, పోలీసు, ఇంకా అనేక విభాగాలు వాడే ఫ్రీక్వెన్సీలు ఆ మధ్యలోనే ఉంటాయి. విజయవాడ లాంటి పెద్ద రైల్వే జంక్షన్ పక్కన కూర్చుని పొరపాటున కూడా ఆ పని చేయకూడదు.

యూట్యూబ్‌లో చూసి సెట్ చేసుకునేవాళ్లకు ప్రత్యేక హెచ్చరిక. అమెరికా వాళ్ల వీడియోల్లో 146.520 అనే కాలింగ్ ఫ్రీక్వెన్సీ తరచుగా వినిపిస్తుంది. వాళ్ల 2 మీటర్ల బ్యాండు 148 దాకా ఉంది, మనది 146తో అయిపోయింది. వాళ్లకు సక్రమమైన ఆ ఫ్రీక్వెన్సీ మనకు బ్యాండు బయట. రెడీమేడ్‌గా దొరికే చానెల్ లిస్టులను అలాగే ఎక్కించుకోకండి.

మెనూలో నలభై ఉన్నాయి. అన్నీ నేర్చుకోవాలా?

అక్కర్లేదు. మొదటిరోజు మార్చాల్సినవి కొన్నే.

0వ నంబరు స్క్వెల్చ్. సిగ్నల్ లేనప్పుడు గరగర వినిపించకుండా ఆపే గడప లాంటిది ఇది. గడప మరీ ఎత్తుగా ఉంటే బలహీనమైన సిగ్నల్ కూడా లోపలికి రాలేదు. 2 లేదా 3 పెట్టి వదిలేయండి. ఎవరి మాటైనా తెగి తెగి వస్తుంటే పక్కనున్న మోని బటన్ నొక్కి పట్టుకోండి, గడప పూర్తిగా తొలగిపోతుంది. ఆ గరగర మధ్యలోంచే మాట పట్టుకోవడం అలవాటవుతుంది.

1వ నంబరు స్టెప్, 5.0 ఉంచండి. 4వది వాక్స్, దీన్ని కచ్చితంగా ఆఫ్ చేయాలి. ఇది ఆన్‌లో ఉంటే పీటీటీ నొక్కకపోయినా మిక్సీ చప్పుడుకీ, టీవీ చప్పుడుకీ సెట్ దానంతట అదే ట్రాన్స్‌మిట్ అవుతుంది. 7వది టీడీఆర్, అంటే తెర మీది పైగీత, కిందిగీతల్లో ఉన్న రెండు ఫ్రీక్వెన్సీలనూ మార్చి మార్చి వినడం. కొత్తలో దీన్ని ఆఫ్ చేసుకుంటే ఏ ఫ్రీక్వెన్సీలో ఉన్నారో స్పష్టంగా తెలుస్తుంది. 9వది టైమ్ అవుట్. 120 సెకన్లు పెట్టుకుంటే సెట్ మీద కూర్చున్నా, దిండు కింద నలిగినా రెండు నిమిషాల్లో ట్రాన్స్‌మిషన్ ఆగిపోతుంది. 39వది రోజర్, అదీ ఆఫ్. మాట ముగిసిన ప్రతిసారీ వచ్చే ఆ కూత వినేవాళ్లకు చిరాకు.

2వ నంబరులో పవర్ ఉంటుంది. ఊళ్లోనే దగ్గరివాళ్లతో మాట్లాడేటప్పుడు "లో" (తక్కువ) పెట్టండి. 1 వాట్ వస్తుంది, బ్యాటరీ నిలుస్తుంది, ముఖానికి దగ్గరగా పట్టుకునే సెట్ కాబట్టి అదే మంచిది కూడా.

రిపీటర్ అంటే ఏమిటి? చానెల్‌గా ఎలా ఎక్కించాలి?

ఎత్తైన చోట పెట్టిన స్టేషన్. ఒక ఫ్రీక్వెన్సీలో మీ మాట విని, అదే క్షణంలో ఇంకో ఫ్రీక్వెన్సీలో ఎక్కువ పవర్‌తో తిరిగి పంపిస్తుంది. 2 మీటర్లలో ఈ రెండింటికీ మధ్య మామూలుగా 600 కిలోహెర్ట్జ్ తేడా ఉంటుంది. రిపీటర్ మాట్లాడేది 145.700 అనుకుందాం (లెక్క కోసమే ఈ అంకె). అప్పుడు అది వినేది 145.100. కాబట్టి మీ సెట్ 145.700లో వినాలి, పీటీటీ నొక్కగానే 145.100కి దూకాలి. దానికి తోడు చాలా రిపీటర్లకు ఒక టోన్ కావాలి. 88.5, 123.0 హెర్ట్జ్ లాంటి సన్నని ధ్వని మీ మాట వెనక నడుస్తూ ఉంటుంది, అది వినపడితేనే రిపీటర్ తెరుచుకుంటుంది. మీ దగ్గర్లోని రిపీటర్ ఫ్రీక్వెన్సీ, టోన్, అసలు అది ఇప్పుడు పనిచేస్తోందా లేదా అన్నది స్థానిక హ్యామ్‌లను అడిగి తెలుసుకోండి. ఇంటర్నెట్ జాబితాల్లో ఎప్పుడో ఆగిపోయిన రిపీటర్లు కూడా ఉంటాయి.

చేత్తో ఎక్కించే పద్ధతి ఇది. వీఎఫ్‌వో/ఎంఆర్ బటన్‌తో వీఎఫ్‌వో మోడ్‌కి (ఫ్రీక్వెన్సీ అంకెలు నేరుగా కొట్టే మోడ్) రండి. పైగీత ఎంచుకోండి. 25వ మెనూలో షిఫ్ట్ ఆఫ్‌లో ఉందో లేదో చూసుకోండి. 28వ మెనూలో మీరు వాడబోయే చానెల్ నంబరు, 001 అనుకోండి, ఖాళీ చేయండి. ఇప్పుడు 145700 కొట్టండి. 13వ మెనూలో టోన్ పెట్టండి. 27వ మెనూకి వెళ్లి 001 ఎంచుకుని మెనూ నొక్కితే, వాయిస్ ఆన్‌లో ఉంటే, రిసీవింగ్ మెమరీ అంటుంది. బయటికొచ్చి 145100 కొట్టి, మళ్లీ 27లో అదే 001లో సేవ్ చేయండి. ఈసారి ట్రాన్స్‌మిటింగ్ మెమరీ అంటుంది. అయిపోయింది. వీఎఫ్‌వో/ఎంఆర్ నొక్కి చానెల్ మోడ్‌కి వెళ్తే మీ రిపీటర్ సిద్ధంగా ఉంటుంది.

11వ మెనూలో ఉండేది వినే టోన్. దాన్ని ఆఫ్‌లోనే ఉంచండి. చాలామంది రెండూ పెట్టేసి, ఏమీ వినపడటం లేదని సెట్‌ని అనుమానిస్తారు.

రిపీటర్ వినిపిస్తోంది, కానీ నా పిలుపుకి జవాబు లేదు. ఎందుకు?

వరసగా చూసుకుంటూ రండి. పీటీటీ నొక్కినప్పుడు తెర మీద అంకె 600 కిలోహెర్ట్జ్ కిందికి మారుతోందా? మారకపోతే రెండోసారి సేవ్ చేయలేదన్నమాట. మారుతుంటే, 13లో టోన్ సరైనదేనా? అదీ సరే అయితే పవర్ హైలో పెట్టి డాబా ఎక్కండి. రిపీటర్‌కి పెద్ద పవర్, ఎత్తైన యాంటెన్నా ఉంటాయి కాబట్టి అది మీకు వినిపిస్తుంది, మీ చిన్న సెట్ దానికి వినిపించకపోవచ్చు. అన్నీ బాగుండి మీ గొంతు మాత్రం మెల్లగా వస్తోందని అవతలివాళ్లు అంటే 5వ మెనూలో వైడ్ ఉందో లేదో చూడండి.

ఇవేవీ కాకపోతే, ఆ సమయంలో అక్కడ ఎవరూ లేరంతే. పొద్దున్నే, సాయంత్రాలు ప్రయత్నించండి.

5 వాట్లతో విజయవాడ నుంచి గుంటూరుకి అందుతుందా?

అందరూ అడిగే ప్రశ్న ఇదే. నాకు బాగా ఇష్టమైన ప్రశ్న కూడా.

ఈ బ్యాండ్లలో సిగ్నల్ దాదాపు చూపులాగే తిన్నగా పోతుంది. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి ఎంత దూరం పోతుందో ఎత్తే తేలుస్తుంది. లెక్క తేలికే: యాంటెన్నా ఎత్తు మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే రేడియో దిగంతం కిలోమీటర్లలో వస్తుంది. నేల మీద నిలబడ్డ మనిషి చేతిలో సెట్ ఒకటిన్నర మీటర్ల ఎత్తున ఉంటుంది, అతని దిగంతం 5 కిలోమీటర్లు. ఇద్దరూ నేల మీదే ఉంటే 10. అది కూడా మధ్యలో ఏ అడ్డూ లేని మైదానంలో. బెంజ్ సర్కిల్లో, బీసెంట్ రోడ్డులో భవనాల మధ్య రెండు మూడు కిలోమీటర్లు వస్తే సంతోషించాలి.

ఇప్పుడు అయిదంతస్తుల డాబా ఎక్కండి, సుమారు 16 మీటర్లు. మీ దిగంతం 16.5 కిలోమీటర్లకు పెరిగింది. గుంటూరు బ్రాడీపేటలో మీ స్నేహితుడు కూడా అంతే ఎత్తున్న డాబా ఎక్కితే రెండూ కలిపి 33. రెండు ఊళ్ల మధ్య మ్యాపు మీద నేరుగా గీత గీస్తే 30 కిలోమీటర్లు దాటుతుంది. అంటే లెక్క ప్రకారం అంచున అందాలి. కానీ ఆ గీత మంగళగిరి మీదుగా పోతుంది, అక్కడ కొండ ఉంది. మీ డాబా నుంచి గీత కొండకి తూర్పుగా పోతుందా, పడమరగా పోతుందా, సరిగ్గా దాని మీదే పడుతుందా అన్నదాన్ని బట్టి ఫలితం మారుతుంది. పక్క వీధి డాబా మీద పలికిన సెట్ మీ డాబా మీద పలకకపోవడం వింతేమీ కాదు.

విజయవాడ లోపలా ఇదే కథ. భవానీపురంలో ఒకరు, కృష్ణలంకలో ఒకరు నేల మీద నిలబడితే మధ్యలో ఇంద్రకీలాద్రి అడ్డం. అదే ఒకరు బ్యారేజీ మీదికి వస్తే నది మీదుగా దారి తెరుచుకుంటుంది. అందుకే కొత్తవాళ్లకు నేను చెప్పేది: ఎక్కువ వాట్ల సెట్ కోసం డబ్బు పెట్టకండి. 5 వాట్ల నుంచి 10కి పెంచితే అవతలివాళ్ల సెట్‌లో సిగ్నల్ మీటర్ మీద తేడా అర గీత. కింది అంతస్తు నుంచి డాబా ఎక్కితే వచ్చే తేడా ముందు అది ఏమాత్రం లెక్కలోకి రాదు.

అయితే యాంటెన్నా మారిస్తే లాభం ఉంటుందా?

ఉంటుంది. సెట్‌తో వచ్చే పొట్టి రబ్బరు యాంటెన్నా జేబుకి సౌకర్యం, సిగ్నల్‌కి కాదు. 2 మీటర్లలో పావు తరంగం పొడవు సుమారు అర మీటర్. దానికి దగ్గరగా ఉండే పొడవాటి విప్ యాంటెన్నా వేస్తే తేడా వెంటనే తెలుస్తుంది. కొనేటప్పుడు యూవీ-5ఆర్‌కి ఎస్‌ఎంఏ ఫీమేల్ అని అడగండి. చాలా ఇతర సెట్లకు మేల్ కావాలి, రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి.

ఖర్చు లేని ఉపాయం ఒకటుంది. 49 సెంటీమీటర్ల సన్నని వైరు ముక్క తీసుకుని, ఒక చివర తొక్క తీసి, యాంటెన్నా మొదట్లో సెట్ లోహపు భాగానికి తగిలేలా చుట్టి యాంటెన్నా బిగించండి. మిగతాది కిందికి వేలాడనివ్వండి. మధ్యలోని సూదికి మాత్రం తగలకూడదు. యాంటెన్నాకి లోటుగా ఉన్న రెండో సగాన్ని ఈ వైరు భర్తీ చేస్తుంది. దీన్ని టైగర్ టెయిల్ అంటారు.

కంప్యూటర్‌తో సెట్ చేసుకోవడం తేలికా?

చానెళ్లు పదికి మించితే తేలికే. చర్ప్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. కేబుల్ కొనాలి. కేబుల్లో నకిలీ చిప్ ఉంటే కొత్త విండోస్ డ్రైవర్ దాన్ని ఒప్పుకోదు, కాబట్టి మరీ చవకది తీసుకోకండి. ప్లగ్గుని సెట్‌లోకి టక్‌మనేదాకా నొక్కండి, కనెక్ట్ కావడం లేదనే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం అదే. మొదట సెట్‌లో ఉన్నదంతా కంప్యూటర్‌లోకి డౌన్‌లోడ్ చేసి ఒక కాపీ భద్రపరచండి, మార్పులు ఆ తర్వాతే. వినడానికి మాత్రమే పెట్టుకున్న చానెళ్లకు డూప్లెక్స్ గడిలో ఆఫ్ పెట్టండి. పీటీటీ నొక్కినా ట్రాన్స్‌మిట్ కాదు.

మొదటిసారి ఏం మాట్లాడాలి? తెలుగులో మాట్లాడవచ్చా?

ముందు ఒక నిమిషం వినండి. ఎవరూ మాట్లాడటం లేదంటే పీటీటీ నొక్కి, అర సెకను ఆగి, మీ కాల్‌సైన్ చెప్పి "విజయవాడ నుంచి వింటున్నాను" అనండి. అంతే చాలు. తెలుగు హ్యామ్‌లు తెలుగులోనే కబుర్లు చెప్పుకుంటారు. కాల్‌సైన్ మాత్రం విక్టర్, యూనిఫామ్ అంటూ అక్షరం అక్షరం చెప్పాలి. సెట్‌ని నోటికి నాలుగు వేళ్ల దూరంలో పట్టుకుని మామూలు గొంతుతో మాట్లాడండి, అరిస్తే మాట పగులుతుంది. అవతలివాళ్లు ఆపగానే మొదలుపెట్టకుండా రెండు సెకన్లు వదలండి. మధ్యలో ఇంకెవరైనా పిలవాలనుకుంటే ఆ సందులోనే పిలవగలరు. వ్యాపారం మాటలు, పాటలు వేయడం, రహస్య సంకేతాలు ఈ బ్యాండ్లలో కుదరవు.

చేరువలో ఉన్న పెద్దలు మిమ్మల్ని ఓఎం అని పిలుస్తారు. ఓల్డ్ మ్యాన్ అని అర్థం. పదిహేనేళ్ల పిల్లాడైనా ఓఎమ్మే. చివర్లో 73 అంటే శుభాకాంక్షలు.

మా చుట్టుపక్కల ఎవరూ దొరకడం లేదు. ఏం వినాలి?

ఆకాశం వైపు తిప్పండి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం సుమారు 400 కిలోమీటర్ల ఎత్తులో రోజూ మన మీదుగా లేదా మన దగ్గరగా పోతుంది. దానిలో హ్యామ్ రిపీటర్ ఉంది. అది ఆన్‌లో ఉన్నప్పుడు 437.800లో వినిపిస్తుంది, ఈ చిన్న సెట్‌కే! కేంద్రం దూసుకొచ్చేటప్పుడు ఫ్రీక్వెన్సీ కాస్త పైకి, దూరమయ్యేటప్పుడు కిందికి జరుగుతుంది. అందుకని 437.810, 437.805, 437.800, 437.795, 437.790 అని అయిదు చానెళ్లు వరసగా పెట్టుకుని, మొదటిదాంతో మొదలుపెట్టి ఒక్కోటీ దిగుతూ రండి. మాట్లాడాలంటే 145.990లో, 67.0 టోన్‌తో. వ్యోమగాములు బడిపిల్లలతో మాట్లాడేది 145.800లో వస్తుంది. ఎప్పుడు పోతుందో చెప్పే యాప్‌లు ఫోన్లో ఉచితంగా దొరుకుతాయి. డాబా మీదికి వెళ్లి, స్క్వెల్చ్ 0 చేసి, యాంటెన్నాని నిలువుగా కాకుండా కొంచెం వాల్చి పట్టుకోండి. పది నిమిషాల్లో అయిపోతుంది. ఇంట్లో పిల్లలుంటే పక్కన కూర్చోబెట్టుకోండి.

వరదలప్పుడు ఇది నిజంగా పనికొస్తుందా?

వస్తుంది, ముందే సిద్ధంగా ఉంటే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు జనం కరెంటు లేక, ఫోన్లకు చార్జింగ్ లేక డాబాల మీద రోజుల తరబడి ఉండిపోయారు. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన కథలు ఇప్పటికీ మన ఇళ్లలో చెప్పుకుంటారు. 2004 సునామీ వచ్చిన రోజు హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ పోర్ట్ బ్లెయిర్‌లో హ్యామ్ స్టేషన్ నడుపుతున్నారు. ఆమె బృందం నడిపిన రేడియోయే అండమాన్‌కీ ప్రధాన భూభాగానికీ మధ్య వార్తలు మోసింది. అది హ్యాండీతో కాదు, దూరాలు పోయే హెచ్‌ఎఫ్ సెట్లతో. హ్యాండీ పని ఊరి లోపల: డాబా నుంచి శిబిరానికి, శిబిరం నుంచి ఆసుపత్రికి.

దానికి మూడు సంగతులు ఇప్పుడే చూసుకోవాలి. ఇంట్లో మాట్లాడబోయే ప్రతి ఒక్కరికీ లైసెన్సు ఉండాలి, మీ లైసెన్సు మీద మీ తమ్ముడు మాట్లాడటం కుదరదు. రెండో బ్యాటరీ ఒకటి, వీలైతే చిన్న సెల్స్ వేసుకునే కేసు ఒకటి పెట్టుకోండి. మూడోది, రిపీటర్ కూడా కరెంటుతోనే నడుస్తుంది, అది ఆగిపోతే ఏ సింప్లెక్స్ (రిపీటర్ లేకుండా నేరుగా మాట్లాడుకునే) ఫ్రీక్వెన్సీలో, ఏ టైముకి కలుసుకోవాలో మీ ప్రాంతం హ్యామ్‌లతో ముందే అనుకోండి. అనుకున్న ఫ్రీక్వెన్సీలో నెలకోసారి పిలుచుకుంటూ ఉండండి. ఎవరి డాబా నుంచి ఎవరికి అందుతుందో అప్పుడే తెలుస్తుంది.

కబురు అందుకునేటప్పుడు కాగితం మీద రాయండి: ఎవరు, ఎక్కడ, ఎంతమంది, ఏం కావాలి, ఎన్ని గంటలకు. రాసింది తిరిగి చదివి వినిపించండి. సొంతంగా నీళ్లలోకి దిగి వెళ్లకండి, జిల్లా యంత్రాంగం చెప్పిన చోటే ఉండండి.

సెట్ చైనీస్‌లో మాట్లాడుతోంది!

కొన్ని సెట్లు 40వ మెనూలో రీసెట్ చేశాక అలా చేస్తాయి. 14వ మెనూలో వాయిస్‌ని ఇంగ్లీషుకి మార్చండి, లేదా ఆఫ్ చేయండి.

బటన్లు పనిచేయడం మానేశాయి.

కీప్యాడ్ లాక్ పడింది. తెర మీద తాళం గుర్తు కనిపిస్తుంది. హ్యాష్ బటన్‌ని రెండు సెకన్లు నొక్కి పట్టుకోండి.